సీదా ఒకటి, ఉల్టా ఒకటి

పాతబస్తీలో చలి ఉండేది నెలన్నర. ఊలు పనికి పన్నెండు నెలలూ చాలవు.

ప్రపంచంలోకెల్లా ధనవంతుడు తన మేజోళ్లు తానే అల్లుకునేవాడట. హైదరాబాద్‌లో పుట్టి పెరిగినవాళ్లెవరికీ ఈ ముచ్చట కొత్త కాదు. 1937 ఫిబ్రవరి 22న ‘టైమ్’ పత్రిక ముఖచిత్రం మీదికెక్కిన ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్, 184 క్యారెట్లు దాటిన జాకబ్ వజ్రాన్ని కాగితాలు ఎగిరిపోకుండా బరువుగా పెట్టుకున్న ఆసామి, సూదులు పట్టుకుని కూర్చుని మేజోడు అల్లుకున్నాడని చెప్పుకోవడం, చెప్పుకుని నవ్వుకోవడం మనకు అలవాటు. ఒకే టోపీ ఏళ్ల తరబడి పెట్టుకున్నాడన్న కథ వెంటే ఈ కథ కూడా వస్తుంది. ఎంత పిసినారో చూడండి అన్నదే రెండింటి సారం.

నేనూ నవ్వినదాన్నే. మేజోడు మడమ తిప్పబోయి మూడు రాత్రులు విప్పి, నాలుగో రాత్రి మళ్లీ విప్పేదాకా నవ్వాను. ఆ తర్వాత నవ్వు రాలేదు. డబ్బు మిగుల్చుకోవడానికి ఎవరూ మేజోడు అల్లరు. ఒక్క జతకు పట్టే పొద్దు లెక్కేస్తే బజారులో పది జతలు కొనుక్కోవచ్చు. ఆ కథ నిజమైతే మనం అడగాల్సిన ప్రశ్న వేరే ఉంది. ఆయనకు ఆ విద్య ఎవరు నేర్పారు? ఎన్నిసార్లు విప్పించారు?

నాకు నేర్పింది మా ఎదురింటి ఖాలా.

గీత పడని టోపీ

మాది లాల్‌దర్వాజా. అమ్మ ఆమెను ఆపా (అక్క) అని పిలుస్తుంది, నేను ఖాలా (పెద్దమ్మ) అంటాను. ఆమె మాతో సగం దక్కనీ, సగం తెలుగు మాట్లాడుతుంది. 2014 డిసెంబర్‌లో అక్క పురిటికి వచ్చింది. బాలింతకు చెవుల్లో దూది, తలకు గుడ్డ, పసిగుడ్డుకు టోపీ, కాళ్లకు సాక్సులు. ఎండ ఎంత కాసినా మన ఇళ్లలో ఇవి తప్పవు కదా. బజారులో కొన్న టోపీ తీసేసరికి పాప నుదుటి మీద ఎర్రగా గీత పడింది. ఖాలా చూసింది, ఏమీ అనలేదు. రెండు రోజుల తర్వాత లేత పసుపు టోపీ ఒకటి తెచ్చి పాప తలకు తొడిగింది. ఎలాస్టిక్ లేదు, తాడు లేదు. అయినా జారలేదు. రాత్రి తీసి చూస్తే నుదుటి మీద గీత లేదు.

ఎలా సాగుతోంది ఇది అని టోపీ అంచును లాగి లాగి చూశాను. ఖాలా తన వేలి గోరుతో అంచును కాస్త విడదీసి చూపించింది. ఒక కుట్టు సీదా, పక్కది ఉల్టా. సీదా కుట్టు ముందుకు ఉబ్బుతుంది, ఉల్టా కుట్టు వెనక్కి నక్కుతుంది. రెండింటినీ పక్కపక్కనే నిలువుగా పేర్చుకుంటూ పోతే ఆ అల్లిక తనంతట తానే మడతలు పడుతుంది. లాగితే మడత విప్పుకుంటుంది, వదిలితే ముడుచుకుంటుంది. దారానికి లేని సాగుడు అల్లికలోంచి పుట్టింది. మొత్తం అల్లిక విద్యలో ఉన్నవి ఈ రెండు కుట్లే. మిగతా డిజైన్లన్నీ వీటి వరసలే అని ఆ రోజు చెబితే నేను నమ్మలేదు.

నేర్పమని అడిగాను. రెండు సలాయిలు చేతికిచ్చింది. సలాయి అంటే సూది. కొన్న ఊలు కాకుండా, తన పాత స్వెటర్ విప్పిన ఊలు ఇచ్చింది.

నలభై యాభైమూడైంది

మొదటి పని మఫ్లర్. నలభై కుట్లు ఎక్కించింది ఖాలా. జానెడు పొడవు అల్లేసరికి నా మఫ్లర్ గోపురం తిరగేసినట్టు పైకి పోయేకొద్దీ వెడల్పవుతోంది. లెక్కపెడితే యాభైమూడు. నేను ఎక్కడా కొత్త కుట్టు వేయలేదే అని ఎంత చూసినా అర్థం కాలేదు.

ఉల్టా కుట్టుకు దారం సూది ముందు ఉండాలి, సీదా కుట్టుకు వెనక ఉండాలి. ఒకదాన్నుంచి ఇంకోదానికి మారేటప్పుడు దారాన్ని రెండు సూదుల మధ్యలోంచి ముందుకో వెనక్కో తీసుకుపోవాలి. నేను మధ్యలోంచి కాకుండా సూది మీదుగా వేస్తున్నాను. అలా వేసినప్పుడల్లా సూది మీద లేని కుట్టు ఒకటి పుడుతుంది, కింద చిన్న కన్నం పడుతుంది. పదమూడు కన్నాలు. ఖాలా ఒక్కొక్కటీ వేలితో తాకుతూ లెక్కపెట్టింది.

"ఉధేడ్ డాలో బేటీ" అంది. విప్పెయ్ అని.

నాలుగు రోజుల పని. ఏడుపొక్కటే తక్కువ. ఆమె నా మొహం చూసి, "కైకు డర్తే? ఊన్ కహాఁ జాతా?" అంది. ఎందుకు భయం, ఊలు ఎక్కడికి పోతుంది అని. తనే కొస పట్టుకుని లాగింది. వరస తర్వాత వరస చిరచిరమని విడిపోయింది. నిమిషంలో నా ఒళ్లో మెలికలు తిరిగిన ఊలు కుప్ప.

మెలికలు పడ్డ ఊలుతో మళ్లీ వెంటనే అల్లితే కుట్లు ఎగుడుదిగుడుగా వస్తాయి. దానికో పద్ధతి ఉంది. కుర్చీ వీపుకు చుట్టలా చుట్టి, నాలుగు చోట్ల వదులుగా ముడేసి, గోరువెచ్చని నీళ్లలో నానబెట్టి, పిండకుండా తీగ మీద వేలాడదీసి, కింద ఓ చిన్న బరువు కట్టాలి. ఖాలా ఇంట్లో ఆ బరువు ఒక పాత తాళం కప్ప. తెల్లారేసరికి దారం మెలికలు పోయి సాపు అవుతుంది. ఆమె పిల్లలు ముగ్గురూ ఒకే స్వెటర్ ఊలు తొడుక్కుని పెరిగారట. పెద్దవాడిది పొట్టయితే విప్పి, ఇంకో రంగు కలిపి రెండోవాడికి, తర్వాత చిన్నదానికి.

ఇప్పుడు అసలు సంగతి. రెండేళ్ల తర్వాత ఖాలా నాకు జాలీ నేర్పింది. జాలీ అంటే ఆ కన్నాలే! దారం సూది మీదుగా వేసి కావాలని కుట్టు పుట్టించడం, పక్కనే రెండు కుట్లు కలిపి ఒకటి చేసి లెక్క సరిచేయడం. మొదటి మఫ్లర్‌లో నేను చేసిన తప్పునే లెక్క ప్రకారం చేస్తే ఆకులు వస్తాయి, పూలు వస్తాయి, పాత హవేలీల కిటికీల రాతి జాలీలు వస్తాయి. పదమూడు కన్నాలు పడ్డ ఆ రోజు ఆమె ఈ మాట చెప్పలేదు. ముందు విప్పడం రావాలి అనుకుంది కాబోలు.

కుట్టును ఖాలా ఫందా అంటుంది. ఫందా అంటే ఉచ్చు. ఎంత సరైన మాటో చేతిలో పట్టుకుంటేగానీ తెలియదు. ప్రతి ఉచ్చునూ దాని పైనున్న ఉచ్చు పట్టుకుని ఉంటుంది. ఒక్కటి సూది నుంచి జారితే దాని కింది వరసలన్నీ నిచ్చెన మెట్లలా విడిపోతూ పోతాయి. మొదట్లో అలా జారినప్పుడల్లా అంతా విప్పేదాన్ని. ఇప్పుడు కొక్కెం సూదితో కింది ఉచ్చు పట్టి, ఒక్కో మెట్టునూ దానిలోంచి లాగుతూ పైకెక్కిస్తాను. ముప్పై వరసలు కిందికి జారినా రెండు నిమిషాల పని. గుండె దడ మాత్రం ఇప్పటికీ తగ్గలేదు.

ఈ ఎండల ఊళ్లో ఊలెందుకు?

అందరూ అడిగేది ఇదే. హైదరాబాద్ వాతావరణ రికార్డుల్లో అతి తక్కువ ఉష్ణోగ్రత 1946 జనవరి 8న నమోదైన 6.1 డిగ్రీలు. ఇప్పుడైతే డిసెంబర్ తెల్లవారుజామున పదీ పన్నెండుకు దిగితేనే ఇరానీ హోటళ్ల ముందు మంకీ క్యాపులు, మఫ్లర్లు బారులు తీరతాయి. టిబెటన్లు స్వెటర్ల దుకాణాలు పెడతారు. సంక్రాంతి దాటాక అన్నీ ట్రంకు పెట్టెల్లోకి, నాఫ్తలీన్ ఉండల మధ్యకు.

కానీ అల్లిక పుట్టింది చలి దేశంలో కాదు. సలాయిలతో అల్లిన వాటిలో మనకు దొరికిన అతి పాతవాటి చిరునామా ఈజిప్టు. దాదాపు 11 నుంచి 14 శతాబ్దాల మధ్యవి. అవి ఊలువి కూడా కాదు. నూలు మేజోళ్లు, తెలుపులో నీలం. కొన్నిటి మీద కూఫీ లిపిలో అల్లా పేరు అల్లి ఉంది. ఒకే వరసలో రెండు రంగుల దారాలు నడిపిస్తూ, అక్షరం వంపు తిరిగే చోట రంగు మారుస్తూ అల్లిన పని అది. యూరప్ దీన్ని అందిపుచ్చుకుని పట్టు మేజోళ్లు చేసుకుంది. 1589లో ఇంగ్లండ్‌లో విలియం లీ మేజోళ్లు అల్లే యంత్రమూ చేశాడు. చలి ఊళ్ల ఊలు స్వెటర్ ఈ కథలో చాలా ఆలస్యంగా వచ్చిన చుట్టం.

ఆ మేజోళ్ల ఫొటో ఖాలాకు ఫోన్‌లో చూపించాను. రెండు వేళ్లతో పెద్దది చేసి అక్షరాలు చూసింది. తర్వాత మడమ చూసింది. మడమ దగ్గరే ఎక్కువసేపు ఆగింది.

నేనిప్పుడు వేసవిలో నూలు దారంతోనే అల్లుతున్నాను. పసిపిల్లల టోపీలు, జాలీ ఓణీలు. నూలుకు ఊలంత ఓర్పు ఉండదు. ఊలు కుట్టు కాస్త అటూ ఇటూ అయినా ఉతికాక సర్దుకుంటుంది, నూలు కుట్టు సర్దుకోదు. చేతి తప్పు చేతి తప్పులాగే నిలబడుతుంది.

కుడి నుంచి చదువు

నా మొదటి జడ స్వెటర్ చెడిపోయింది చదువు వల్ల. జడ డిజైన్ అంటే మూడు కుట్లను వేరే పొట్టి సూది మీదికి తీసి, ముందో వెనకో నిలబెట్టి, తర్వాతి మూడు అల్లి, ఆపైన ఆగిన మూడూ అల్లడం. కుట్లు ఒకదాన్నొకటి దాటి జడలా పెనవేసుకుంటాయి. గళ్ల కాగితం మీద అచ్చు వేసిన డిజైన్ పట్టుకుని మొదలుపెట్టాను. ఎంత జాగ్రత్తగా అల్లినా జడ ఒక పక్కకే మొగ్గుతోంది. ఒక్కోచోట పాయ మధ్యలో తెగినట్టు కనిపిస్తోంది.

ఖాలా కాగితం తీసుకుంది. ఆమెకు ఇంగ్లిష్ రాదు. గళ్లు చూసింది, నా అల్లిక చూసింది. "ఎటు నుంచి చదివావు?" అంది. ఎడమ నుంచి అన్నాను. ఇంకెటు నుంచి చదువుతారు?

సూది మీద కుట్లు కుడి నుంచి ఎడమకు నడుస్తాయి. కనుక గళ్ల కాగితాన్నీ సీదా వరసల్లో కుడి నుంచి ఎడమకే చదవాలి. తెలుగు, ఇంగ్లిష్ చదివిన నా కన్ను అటు వెళ్లలేదు. ఉర్దూ చదివిన ఆమె కన్ను నేరుగా అక్కడికే వెళ్లింది. తన నోటుబుక్కు తెరిచి చూపించింది. నలభై ఏళ్ల డిజైన్లు, ఉర్దూలో, కుడి నుంచి ఎడమకు, సూది నడిచినట్టే. ఆ పుస్తకం చదవడం కోసమే నేను చార్మినార్ దగ్గర అలిఫ్ బే పుస్తకం కొన్నాను. ఇప్పుడు సీదా, ఉల్టా, జాలీ, బంద్ అన్న మాటలు ఉర్దూలో గుర్తుపట్టగలను. అంతకు మించి రాదు. అల్లికకు అది చాలుతోంది.

జానలు, బెత్తెలు

నాన్నకు హాఫ్ స్వెటర్ మొదలుపెట్టినప్పుడు నాకు గర్వం వచ్చేసింది. అంగుళానికి ఐదు కుట్ల చొప్పున నలభై అంగుళాల చుట్టుకొలతకు రెండు వందల కుట్లు. నెలన్నర పట్టింది. తీరా తొడిగితే ఛాతీ దగ్గర పట్టేసింది. కొలిస్తే నా చేతిలో అంగుళానికి ఐదున్నర కుట్లు పడ్డాయి. అర కుట్టు తేడా. రెండు వందల కుట్లకు ముప్పై ఆరున్నర అంగుళాలు కూడా రాలేదు. ఆ స్వెటర్ మేనల్లుడికి వెళ్లింది. అప్పటి నుంచి నాలుగంగుళాల ముక్క అల్లి, ఉతికి, ఆరబెట్టి, కొలవకుండా పెద్ద పని మొదలుపెట్టను. బిగువు చేతిలోనే కాదు, మనసులో కూడా ఉంటుంది. ఆఫీసు నుంచి చిరాకుగా వచ్చిన రోజు అల్లిన నాలుగంగుళాల ముక్క మిగతా అల్లికలో వేరుగా తెలుస్తుంది.

సూదుల నంబర్లూ ఒక చిక్కే. మనకు దొరికేవి పాత ఇంగ్లండ్ కొలతలు. నంబరు పెరిగేకొద్దీ సూది సన్నబడుతుంది. తొమ్మిదో నంబరు 3.75 మిల్లీమీటర్లు, పదకొండు మూడే మిల్లీమీటర్లు. అంచు బిగువుగా ఉండాలి కాబట్టి పదకొండుతో, ఒళ్లు తొమ్మిదితో అల్లుతాం.

ఇంగ్లండ్‌లో పుట్టి అమెరికాలో స్థిరపడిన ఎలిజబెత్ జిమ్మర్‌మన్ 1971లో ‘నిటింగ్ విదౌట్ టియర్స్’ అనే పుస్తకం రాసింది. ఛాతీ చుట్టూ ఉన్న కుట్ల లెక్క ఒక్కటి తెలిస్తే చాలు, మణికట్టు దగ్గర అందులో ఐదో వంతు, జబ్బ దగ్గర మూడో వంతు అని లెక్క కట్టి చూపించింది. ఎవరి డిజైనూ చూడకుండా ఎవరి స్వెటర్ వాళ్లు కట్టుకునే స్వేచ్ఛ అది. నేను ఆ లెక్క గొప్పగా వివరిస్తుంటే ఖాలా నా ఛాతీ చుట్టూ జానతో కొలిచింది, ఐదు జానలు. మణికట్టు చుట్టూ ఒక జాన. జబ్బ చుట్టూ జానన్నర దాటింది. ఆమె ఎప్పుడూ టేపు వాడలేదు.

తీరిక పని అన్నారు

నా అల్లికలు చూసినవాళ్లు మెచ్చుకుని, వెంటనే అడిగే మాట ఒకటుంది. "ఐదొందలిస్తా, మా బాబుకొకటి అల్లిపెట్టు. ఎలాగూ ఖాళీగా ఉన్నప్పుడు చేసేదే కదా!" పసివాడి స్వెటర్‌కు ఇరవై గంటలు, పెద్దవాళ్లదానికి అరవై పైన. నాకు ఉద్యోగం ఉంది కాబట్టి నవ్వి ఊరుకోగలను. ఊరుకోలేనివాళ్లు మన రెండు తెలుగు రాష్ట్రాల్లో ఎందరో ఉన్నారు.

నరసాపురం లేసు సంగతి చూడండి. 19వ శతాబ్దం నడిమిన మిషనరీ కుటుంబాలు గోదావరి ప్రాంతంలో ఆడవాళ్లకు కొక్కెం సూదితో నూలు లేసు నేర్పాయి. ఆ లేసు విదేశాలకు ఎగుమతి అయింది, వ్యాపారులు వెలిశారు. జర్మన్ సామాజికవేత్త మరియా మీస్ ఆ పల్లెల్లో తిరిగి 1982లో ‘ది లేస్ మేకర్స్ ఆఫ్ నర్సాపూర్’ పుస్తకం వేసింది. రోజుకు గంటల తరబడి లేసు అల్లి కుటుంబాన్ని నడుపుతున్న ఆ స్త్రీలను అందరూ గృహిణులనే అన్నారు. వాళ్ల పనిని తీరిక వేళ వ్యాపకం అన్నారు. ఆ పేరు పెట్టబట్టే కూలి అంత తక్కువకు తెగ్గొట్టగలిగారని ఆమె చూపించింది. 2024లో నరసాపురం లేసుకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ గుర్తింపు అల్లే చేతి కూలి దాకా రావాలని గట్టిగా కోరుకుంటున్నాను.

మా గల్లీకి అది దూరపు కథ కాదు. పాతబస్తీలో ఎన్నో ఇళ్ల నడవాల్లో కార్చోబ్ చట్రం ఉంటుంది. మనం మగ్గం వర్క్ అంటామే, అది. ముక్కకింత అని కూలి. ఖాలా పెళ్లికి ముందూ తర్వాతా ఇరవై ఏళ్లు జరీ కుట్టింది. కళ్లు చెడేదాకా కుట్టింది. ఎవరి పెళ్లి దుస్తులకు కుట్టిందో ఆమెకు తెలియదు. ఆ రోజుల్లో కూడా రాత్రి పూట ఊలు పట్టుకునేదట. అలసట లేదా అని అడిగాను. "వో దుకాన్ కా కామ్ థా. యే మేరా" అంది. అది దుకాణం పని, ఇది నాది.

మడమ

పదకొండేళ్లలో నా చేతిలోంచి వచ్చినవి నా పుస్తకంలో రాసి పెట్టుకున్నాను. మఫ్లర్లు ఐదు. పసిపిల్లల టోపీలు పద్నాలుగు. హాఫ్ స్వెటర్లు నాలుగు. జడ స్వెటర్ ఒకటి, రెండుసార్లు అల్లింది. జాలీ ఓణీలు రెండు. మేజోడు ఒకటి.

మేజోడు గొట్టం. రెండు పక్కలా మొన ఉన్న ఐదు సూదుల మీద అల్లాలి. నాలుగింటి మీద కుట్లు, ఐదోది తిరిగేది. అరవై కుట్లు గుండ్రంగా తిరుగుతూ పిక్క నుంచి చీలమండ దాకా దిగుతాయి. అక్కడ గొట్టం ఎల్ ఆకారంలో వంగాలి. కోత లేకుండా, కుట్టుమిషన్ లేకుండా దారం తనంతట తాను గిన్నెలా తిరగాలి.

సగం కుట్లు, ముప్పై, ఆపేస్తాం. మిగతా ముప్పై మీద ముప్పై వరసలు ముందుకూ వెనక్కూ అల్లితే మడమ వెనక పట్టీ వస్తుంది. ఇప్పుడు పదిహేడు కుట్లు అల్లి, రెండు కలిపి ఒకటి చేసి, ఒకటి అల్లి, వరస పూర్తి చేయకుండానే వెనక్కి తిరగాలి. పది కుట్లు అలాగే వదిలేసి తిరగడం! మొదటిసారి నా చేయి తిరగనంది. ఇన్నేళ్లూ వరస మధ్యలో ఆపకూడదనే నేర్చుకుంది ఆ చేయి. ఈ వైపు మొదటి కుట్టును అల్లకుండా జరిపి, ఐదు అల్లి, రెండు కలిపి, ఒకటి అల్లి, మళ్లీ తిరగాలి. ఒక్కో వరసకూ ఒక్కో కుట్టు దూరం ఎక్కువ నడుస్తూ, వదిలేసిన కుట్లను రెండు పక్కల నుంచీ కలుపుకుంటూ పోతే ముప్పై కుట్లు పద్దెనిమిది అవుతాయి. అప్పుడు చూస్తే ఒళ్లో చదునుగా ఉన్న పట్టీ అడుగున చిన్న దొప్ప తయారై ఉంటుంది. అందులో సరిగ్గా మడమ పడుతుంది. పన్నెండు వరసల్లో జరిగిపోతుంది. ఎన్నిసార్లు చేసినా అది ఎప్పుడు తిరిగిందో నా కంటికి దొరకదు.

అది చేతనైన రాత్రి నాకు నిజాం గుర్తొచ్చాడు. ఆయన పుట్టిన పురానీ హవేలీ మా ఇంటికి దూరమేమీ కాదు. అక్కడి మ్యూజియంలో ఆయన తండ్రి మహబూబ్ అలీ పాషా బట్టల బీరువా హాలు పొడవునా, రెండంతస్తుల్లో ఉంటుంది. తొడిగింది మళ్లీ తొడగలేదని చెబుతారు. ఆ బీరువా ముందు జనం నోళ్లు తెరుచుకుని నిలబడతారు, మేజోడు అల్లిన కొడుకును తలచుకుని నవ్వుతారు. ఆ తండ్రి చెప్పు మొనలోనే జాకబ్ వజ్రం కొడుక్కి దొరికిందన్నది ఇంకో కథ. చెప్పులో వజ్రం కథ నమ్మినంత తేలికగా, తన పాదానికి తానే మేజోడు అల్లుకోవడంలో ఆనందం ఉంటుందని మాత్రం మనం నమ్మలేకపోయాం.

ఆ మేజోడు ఖాలా కొలతకే అల్లాను, ముదురు ఆకుపచ్చలో. మొన్న తీసుకెళ్లి ఇచ్చాను. ఆమె ముందుగా దాన్ని తిరగేసింది. ఎప్పుడూ అంతే, సీదా వైపు తర్వాత చూస్తుంది. దారం కొసలు ఎక్కడ దాచానో వేలితో వెతికింది. మడమ దొప్పలో పిడికిలి పెట్టి తిప్పింది. ఏమీ అనలేదు. కాలికి తొడుక్కుని, పాదం చాచి చూసుకుని, రెండో కాలు కూడా చాచింది.

"దూస్రా?"

రెండోది ఇంకా సూదుల మీదే ఉంది. మడమ తిరిగింది. పట్టీ పక్కల నుంచి పదిహేనేసి కుట్లు ఎత్తుకున్నాను, మొత్తం డెబ్బై ఎనిమిది. అరవైకి దిగాలి.